కర్ఫ్యూలో నాలుగు ముగ్గులు

ఫ్యాక్స్ కాగితం ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. డురియన్ పండు బొమ్మ ఉన్న అయస్కాంతం కింద, నాలుగు రోజులుగా. మంగళవారం అది టొరంటో నుంచి ఆఫీసుకి వచ్చినప్పుడు ఉదయశ్రీ దాన్ని మెషీన్ దగ్గర నిలబడే చదివింది. మడిచి ఇంటికి తెచ్చి, తండ్రి గురునాథం మంచినీళ్ల సీసా తీసుకునే చోట కళ్లెదురుగా పెట్టింది. ఆయన చదివాడు. చదివినట్టు చెప్పలేదు. ఆమె అడగలేదు. సింగపూర్ బిషాన్‌లోని ఆ రెండు గదుల ఫ్లాట్‌లో తండ్రీకూతుళ్లు ఒకరి మౌనానికి ఒకరు దారిచ్చి తప్పుకోవడం బాగా అలవాటైన విషయం.

కాగితం మీద అక్షరాలు అప్పుడే కాస్త వెలిశాయి. తెలుగు ఈమెయిల్లో వెళ్లదు కాబట్టి అమ్మ చేత్తో రాసి పంపింది.

'శనివారం పన్నెండింటికి సింగపూర్‌లో దిగుతాను. చెన్నై విమానం ఎనిమిదిన్నరకి. నాది కెనడా పాస్‌పోర్టు కాబట్టి బయటికి రానిస్తారట. ఆరింటిదాకా చాంగీలో అరైవల్స్ ఎదురుగా కూర్చుంటాను. ఈసారి కూడా నువ్వు వద్దంటే లేచి వెళ్లిపోతాను. అమ్మ.'

వెళ్లకూడదని ఉదయశ్రీ బుధవారమే నిర్ణయించుకుంది. పదహారేళ్లుగా చూడని మనిషిని ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కూర్చుని చూడడంలో అర్థం లేదనుకుంది. శనివారం నాలుగింటి షిఫ్టుకి తన పేరు తనే రాయించుకుంది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. రెండువేల సంవత్సరానికి ఇంకా ఎనిమిది వారాలే ఉంది, ఆ తేదీ వస్తే ఏం చెడిపోతుందో బ్యాంకు కంప్యూటర్ల గడియారాలు ముందుకు తిప్పి చూసే పనికి మనుషులు దొరకడం లేదు. ఆ 'ఈసారి కూడా' అన్న మాట మాత్రం ఆమెకి మింగుడు పడలేదు. తను ఎప్పుడు వద్దంది? అడిగినవాళ్లెవరు?

శనివారం పొద్దున, మర్నాడు దీపావళి కదా అని, కారిడార్‌లో గుమ్మం ముందు కడిగి ముగ్గు వేసింది. ఆమెకి వచ్చింది ఒకే ఒక్క ముగ్గు. బాపట్లలో అద్దె ఇంటి ముందు వేసినా, హైదరాబాద్ హాస్టల్లో వేసినా, ఇక్కడ తొమ్మిదో అంతస్తులో పక్కింటి చైనీస్ ముసలావిడ చెప్పుల స్టాండుకి తగలకుండా వేసినా, అదే. అమ్మ ముగ్గు. అమ్మ దగ్గర నుంచి తనకి మిగిలిందల్లా అదొక్కటే. అది వేసేటప్పుడు తనకి ప్రేమ కలుగుతోందో, కోపం కలుగుతోందో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు. వేలు దానంతటదే తిరుగుతుంది.

రెండున్నరకి బెడోక్ నుంచి మంగతాయారు ఆంటీ వచ్చింది. ముప్ఫై ఏళ్ల కిందట, షిప్‌యార్డులో వెల్డరుగా చేరిన భర్త పెద్దిరాజు వెంట కాకినాడ నుంచి వచ్చిన మనిషి. ఏటా దీపావళి ముందు తెలిసిన తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగి జంతికలు పంచుతుంది. ఆ రోజు చేతిలో స్టీలు డబ్బాతో లోపలికి రాబోయి, గుమ్మం ముందు ఆగిపోయింది.

"ఎవరు వేశారే ఇది?"

"నేనే ఆంటీ. లోపలికి రండి."

"ఉండు లా." మాట చివర సింగపూర్ వాళ్ల 'లా' చేర్చడం ఆవిడకి అలవాటైపోయింది. డబ్బా ఉదయశ్రీ చేతిలో పెట్టి, మోకాలు పట్టుకుని కిందకి కూర్చుంది. "ఎవరు నేర్పారు నీకు?"

"మా అమ్మ."

"అమ్మ నేర్పిందా?" మంగతాయారు చూపుడువేలు ముగ్గుకి తగలకుండా గాల్లో తిప్పింది. "ఇది మెలికల ముగ్గు. ఇందులో గీత చుక్కని ముట్టకూడదు. చుట్టూ తిరిగి పోవాలి. ఇక్కడ చూడు, రెండు చుక్కల నెత్తి మీంచి తొక్కుకుంటూ పోయింది. ఇటు పక్కా అంతే. అటు మూలా అంతే."

"మర్చిపోయుంటాను."

"మర్చిపోతే ఒక పక్క తప్పొస్తుంది. నాలుగు మూలలా ఒకేలాగ రాదు. నువ్వు తప్పు వెయ్యలేదమ్మా, తప్పే నేర్చుకున్నావు."

ఈవిడ మా ఆఫీసులో తప్పులు పట్టే టెస్టరుగా పనికొస్తుందని ఉదయశ్రీకి అనిపించింది. నవ్వింది కూడా.

"నవ్వుతావేంటి? నేను చెప్పనా, ఇది మగాడి ముగ్గు." మంగతాయారు గోడ పట్టుకుని లేచి లోపలికి వచ్చి ఫ్యాను కింద కూర్చుంది. "మా పెద్దాడు పుట్టినప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నాను. మా అత్తగారు అప్పుడే ఊరి నుంచి దిగింది. గుమ్మం బోసిగా ఉంటే తిడుతుందని మీ అంకుల్ పొద్దున్నే లేచి ముగ్గేశాడు. ముందు గీతలన్నీ గీసేసి, తర్వాత ఖాళీ ఉన్నచోటల్లా చుక్కలు పెట్టాడు! పదేళ్లు రోజూ చూశాడు కదా అనుకుంటాం. చూడరే వీళ్లు. దాటుకుని పోతారంతే. మా అత్తగారు చూసి, 'ఏరా, ఇదేంటి, ఓడకి ప్లానా?' అంది."

ఉదయశ్రీ ఈసారి నవ్వలేదు. సోఫాలో పేపరు చదువుతున్న తండ్రి, ఇందాక తిప్పిన పేజీని మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ఏం అన్నయ్యగారూ, నేనన్నది అబద్ధమా?" మంగతాయారు ఆయన్ని కదిపింది.

"ముగ్గుల సంగతి నాకేం తెలుస్తుందమ్మా" అన్నాడు గురునాథం. మామూలుగా ఆయన ఏ ప్రశ్నకైనా కొంచెం ఆగి జవాబు చెబుతాడు. దీనికి ఆగలేదు.

మంగతాయారు మంచినీళ్లు తాగి, టెక్కా మార్కెట్‌లో జనం పెరగకముందే మామిడాకులు కొనాలంటూ వెళ్లిపోయింది. వెళ్తూ ముగ్గుని దాటేటప్పుడు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. తప్పుదైనా ముగ్గు ముగ్గే అన్నట్టు.

ఉదయశ్రీ ఆఫీసుకి తయారవడానికి గదిలోకి వెళ్లింది. జడ సగం అల్లి ఆగింది.

ఆమె చిన్నతనం గడిచింది గ్రెనడాలో. ఎవరికైనా చెబితే ఎక్కడుందది అంటారు. వెస్టిండీస్ అంటే క్రికెట్ గురించి అడుగుతారు. పటంలో ఈగ వాలినంత ద్వీపం. జాజికాయ తోటలు, కొండమీద నుంచి సముద్రంలోకి జారిపోతున్నట్టుండే ఇళ్లు. తండ్రి అక్కడ వ్యవసాయ నిపుణుడు. తల్లి సూర్యకుమారి పెద్దాసుపత్రిలో నర్సు. విప్లవ ప్రభుత్వం నడుస్తున్న రోజులు. బడిలో పిల్లలకి పాలు పోసేవారు, పాటలు నేర్పేవారు. ఎనభైమూడు అక్టోబరులో ప్రభుత్వంలోని వాళ్లే రెండుగా చీలారు. ఒక బుధవారం మధ్యాహ్నం రాజధానిలో కోట మీద కాల్పులు జరిగాయి. ప్రధానమంత్రిని, ఆయనతో ఉన్నవాళ్లని చంపేశారు. ఆ సాయంత్రం నుంచి నాలుగు రోజుల కర్ఫ్యూ. బయట కనిపిస్తే కాల్చేస్తామని రేడియో గంటగంటకీ చెప్పింది.

ఆ నాలుగు రోజులూ తొమ్మిదేళ్ల ఉదయశ్రీ, తండ్రి, ఇద్దరే ఇంట్లో ఉన్నారు. అమ్మకి ఆస్పత్రిలో డ్యూటీ, నాలుగేళ్ల తమ్ముడు అభిజిత్ ఆమెతో పాటు నర్సుల క్వార్టర్స్‌లో ఉన్నాడని నాన్న చెప్పాడు. 'తెల్లవారకముందు ఆస్పత్రి జీపు అమ్మని ఇక్కడ దింపుతుంది. నువ్వు నిద్రలో ఉంటావు. ముగ్గేసి మళ్లీ వెళ్లిపోతుంది' అన్నాడు. పొద్దున్నే అద్దాల పలకల కిటికీలోంచి చూస్తే నిజంగానే వరండాలో ముగ్గు ఉండేది. నాలుగు రోజులూ ఉంది. ఐదోనాడు కర్ఫ్యూ ఎత్తేశారు, ఆ మర్నాడే ఆకాశం నిండా అమెరికా హెలికాప్టర్లు వచ్చాయి. వారం తిరిగేసరికి అమ్మ తమ్ముణ్ణి తీసుకుని బార్బడోస్ విమానం ఎక్కిందని తెలిసింది. అక్కడి నుంచి కెనడా. ఉదయశ్రీని తీసుకుని తండ్రి ఇండియా వచ్చేసి, బాపట్ల వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పాడు.

అమ్మ వదిలేసి వెళ్లిందన్నది కాదు ఆమె బాధ. పెద్దవాళ్లు వదిలేస్తారు, పిల్లలు పెరుగుతారు. ఆమెకి మానని చోటు వేరే ఉంది. అమ్మ నాలుగు తెల్లవారుజాముల్లో తలుపు దాకా వచ్చింది. కూర్చుని ముగ్గేసేంత తీరిక ఉంది. ఒక్కసారైనా లోపలికి వచ్చి తనని లేపలేదు. ఆ తర్వాత జీవితంలో ఎవరు దగ్గరికి వచ్చినా, వీళ్లు గుమ్మం దాకానే అనుకుని ఉదయశ్రీ ముందే లెక్క కట్టుకునేది. ఇద్దరు మనుషులు ఆ లెక్కకి తట్టుకోలేక వెళ్లిపోయారు కూడా. అలా అనుకోవడానికి మూలం ఏమిటో ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన మానుతుందని ఆమె నమ్మలేదు.

జడ పూర్తి చేసి హాల్లోకి వచ్చింది. తండ్రి పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"నాన్నా, అమ్మకి మెలికల ముగ్గు రాదా?"

"వచ్చేదనుకుంటాను."

"పుట్టింట్లో ఏడేళ్లప్పటి నుంచీ వేసేదని మీరే ఒకసారి చెప్పారు. మరి నాలుగు మూలలా చుక్కల్ని తొక్కుతుందా?"

ఆయన ఒళ్లోని పేపరుని ఇంకో మడత పెట్టాడు. ఉదయశ్రీ ఆఫీసు సంచి కుర్చీకి తగిలించి, ఎదురుగా కూర్చుంది.

"అవి ఎవరు వేశారు?"

"షిఫ్టుకి ఆలస్యమవుతుందేమో."

"అవనివ్వండి."

గురునాథం కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి. కాలేజీలో పాఠం చెప్పినట్టే ఇంట్లోనూ మాట్లాడతాడు, వాక్యం మధ్యలో వదలడు.

"నేనే వేశాను. అమ్మ ఆ నాలుగు రోజులూ డ్యూటీ మీద వెళ్లలేదు ఉదయా. ఇల్లు వదిలి వెళ్లింది. ఆ సోమవారమే."

"ఎందుకు?"

"దేశం మీద గొడవ. అంటే నవ్వొస్తుంది నీకు. పార్టీలో చీలిక వచ్చిందని ఆస్పత్రిలో ముందే తెలిసింది వాళ్లకి. వెంటనే వెళ్లిపోదామంది. నేను రానన్నాను. నాకు ఆ ప్రభుత్వం మీద నమ్మకం ఉండేది. రాత్రిబడిలో పొలం కూలీలకి చదువు చెప్పేవాణ్ణి. రేపు బాగుపడే దేశాన్ని ఇవాళ వదిలి పారిపోతామా అన్నాను. మీ విప్లవం మీ దగ్గరే ఉంచుకోండి, నా పిల్లల్ని నాకివ్వండి అంది. నువ్వు బడిలో ఉన్నావు. ఇంట్లో ఉన్న తమ్ముణ్ణి ఎత్తుకుని క్వార్టర్స్‌కి వెళ్లిపోయింది. గురువారం సెలవు, వచ్చి పిల్లని తీసుకెళ్తాను అని చెప్పి వెళ్లింది."

"బుధవారం కాల్పులు జరిగాయి."

"జరిగాయి."

"ముగ్గెందుకు వేశారు?"

"నువ్వు అన్నం మానేశావు. ఏం అడిగినా తల ఊపడమే. మాట కూడా మానేస్తావేమోనని భయం వేసింది. అమ్మ వచ్చి వెళ్లిందంటే నమ్మలేదు. ఏదో ఒకటి చూపించాలి." కళ్లజోడు పెట్టుకున్నాడు. "వంటింట్లో కర్రపెండలం పిండి డబ్బా ఉంది. చీకటుండగానే తలుపు తీసి, వరండాలో కూర్చుని వేశాను. బయట రోడ్డు మీద ఆర్మీ ట్రక్కు తిరుగుతోంది. పదేళ్లు చూసిన ముగ్గు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆవిడ చెప్పిందే నిజం. దాటుకుని పోయేవాణ్ణి."

ఉదయశ్రీకి కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది కూడా. వచ్చింది వేరే. ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్న బీరువాని జరిపితే, వెనక గోడ రంగు వేరుగా కనిపిస్తుందే, అలాంటి వింత. అమ్మ వచ్చి లేపకపోవడం అనేది లేదు. అసలు రాలేదు. కాల్చేస్తారు కాబట్టి రాలేదు. పదహారేళ్లు తను మోసిన బరువుకి అడుగున ఏమీ లేదు. తేలికపడాల్సింది. పడలేదు. మనిషికి తన పుండు కూడా ఒక ఆస్తే. అది ఇంకొకరి చేతి పని అని తెలిస్తే దోచుకున్నట్టు ఉంటుంది.

లేచి గదిలోకి వెళ్లి, మంచం కింది సూట్‌కేసు లాగింది. సర్టిఫికెట్ల అడుగున ఒక బడి నోటుబుక్కు. వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చేసి ఉన్నాయి. కర్ఫ్యూ రోజుల్లో బడి లేదు, ఆడుకునే వీల్లేదు. పొద్దున్నే కిటికీ దగ్గర స్టూలేమీ లేక మునివేళ్ల మీద నిలబడి, వరండాలో కనిపించిన ముగ్గుని పెన్సిలుతో దించుకునేది. రోజుకో పేజీ. తనకి ముగ్గు వచ్చింది ఇందులోంచే. ఈ పుస్తకం తండ్రికి ఎప్పుడూ చూపించలేదు.

ఇప్పుడు తెచ్చి ఆయన ముందు టీపాయి మీద పెట్టింది. నిజానికి ఆయన్ని ఒప్పించడానికి కాదు. తనకి ఉద్యోగం నేర్పిన పద్ధతి అది. ఏదైనా అనుమానం వస్తే రెండు ప్రింటవుట్లు పక్కపక్కన పెట్టి, ఒక్కో వరుసా వేలితో చూసుకుంటూ పోవాలి. తేడా ఎక్కడుందో అదే చెబుతుంది.

మొదటి పేజీ. నాలుగు మూలలా గీత చుక్కల మీంచి పోయింది. రెండో పేజీ. అదే ముగ్గు, అదే తప్పు. నాలుగో పేజీ తిప్పి చూసింది. అదే.

"మీరు మూడు రోజులు ఒకే తప్పు చేశారు" అంది. "ఇది చూడండి."

మూడో పేజీలో ముగ్గు వేరు. పదిహేను చుక్కల వరస. గీత ఒక చుక్క దగ్గర బయల్దేరి, అన్నిటినీ చుట్టి, ఒక్కదాన్నీ తాకకుండా బయల్దేరిన చోటికే వచ్చింది. పిల్ల చేతికి అంత మెలిక అందక, రెండుసార్లు చెరిపి దిద్దిన మరకలున్నాయి.

ఇది వేరేగా ఉందని ఉదయశ్రీకి ఎప్పుడూ తెలుసు. ఆ రోజు అమ్మకి తీరిక దొరికిందనీ, మిగతా రోజులు తొందరలో వేసిందనీ తొమ్మిదేళ్లప్పుడే ఒక కారణం చెప్పుకుంది. ఒకసారి కారణం దొరికాక ఎవరూ మళ్లీ వెతకరు. కష్టమని ఇది నేర్చుకోలేదు. తేలికైన తప్పుడు ముగ్గునే అమ్మదిగా ఉంచుకుంది.

"ఇంకోటి" అంది. మొదటి పేజీ మీద వేలు పెట్టింది. ముగ్గు పక్కన చిన్న చిన్న నల్ల చుక్కలు బారులు తీరి ఉన్నాయి. దగ్గరగా చూస్తే ఒక్కో చుక్కకీ ఆరు కాళ్లు. "చీమలు. మధ్యాహ్నానికి వచ్చి పిండి మోసుకుపోయేవి. కిటికీలోంచి లెక్కపెట్టేదాన్ని. ఈ పేజీలో ఉన్నాయి. రెండో రోజూ ఉన్నాయి. నాలుగో రోజూ ఉన్నాయి. మూడో రోజు లేవు."

గురునాథం పుస్తకం మీదకి వంగాడు.

"ఆ రోజు చీమలు రాలేదు కాబట్టే నేను గియ్యలేదు. ఆ ముగ్గు సాయంత్రం దాకా చెదరకుండా ఉంది. అది పిండి కాదు నాన్నా. వాసన కూడా వచ్చింది, చంటిపిల్లల ఒంటికి రాసే పౌడరు వాసన. ఆస్పత్రిలో రబ్బరు గ్లవ్స్ లోపల వేస్తారే, అమ్మ చీరల నిండా ఉండేది ఆ వాసన."

టెలిఫోను మోగింది. ఆఫీసు నుంచే అయి ఉంటుంది. ఇద్దరూ దానికేసి చూశారు. పది సార్లు మోగి ఊరుకుంది. గోడ గడియారంలో నాలుగున్నర.

"అది నువ్వు వేశావనుకున్నాను" అన్నాడు ఆయన చివరికి.

"నేనా?"

"నేను వేసింది చూసి, నువ్వు కూడా సరదాగా..."

వాక్యం మధ్యలో ఆగింది. ఆయన వాక్యం అలా ఆగడం ఉదయశ్రీ అంతకుముందు వినలేదు.

"తలుపు బోల్టు పైన ఉండేది. నాకు అందదు."

"స్టూలు వేసుకుని ఉంటావనుకున్నాను."

"స్టూలు మీ మంచం పక్కన ఉండేది. దాని మీద రేడియో. మీరు రేడియో మీద చెయ్యి వేసుకునే పడుకునేవారు."

ఆయన పుస్తకాన్ని కొద్దిగా తన వైపు తిప్పుకుని మూడో పేజీని చాలాసేపు చూశాడు. ఆ చూపులో కొత్తగా తెలుసుకున్నవాడి ఆశ్చర్యం లేదని ఉదయశ్రీకి అర్థమైంది. దాచుకున్నచోట వస్తువు ఉందో లేదో చూసుకునేవాడి చూపు అది.

"తట్టింది" అన్నాడు.

ఉదయశ్రీ ఆయన వైపు జరిగింది.

"మీ అమ్మ తలుపు తట్టింది. శనివారం, తెల్లవారకముందు. నేను పిండి డబ్బా తీసుకుని తలుపు దగ్గరికి వస్తున్నాను."

"సైనికులనుకున్నారా?"

అవునంటే సరిపోయేది. అనుకున్నానంటే నమ్మడానికి ఆమె సిద్ధంగానే ఉంది. ఆయన కూడా ఆ దారి చూసినట్టే ఉన్నాడు. కాని పోలేదు.

"లేదు. సైనికులు అంత మెల్లగా తట్టరు." చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "'నేనే' అన్నది, అవతల నుంచి. ఆస్పత్రి జీపు కింద మలుపులో ఉంది, పాస్ ఉంది, ఐదు నిమిషాలు ఆగుతాడు, పిల్లని లేపండి అంది. నేను నీతో చెప్పిన అబద్ధం ఉందే, జీపూ, తెల్లవారుజామూ, అంతా అలాగే నిజమై వచ్చి తలుపవతల నిలబడింది."

"తలుపు తియ్యలేదు."

"తీస్తే నిన్ను తీసుకెళ్లిపోతుంది. ఒకణ్ణి తీసుకెళ్లిపోయింది. దేశం పోయింది, అది అప్పటికే నాకు తెలుసు. కోట మీద పోయింది. ఇంక నాకు మిగిలింది..."

రెండో వాక్యం కూడా ఆగిపోయింది.

"ఏం చెప్పారు అమ్మతో?"

ఆయన పుస్తకం మూసి, ఎక్కాలున్న అట్ట పైకి వచ్చేలా పెట్టాడు.

"నువ్వు మేలుకునే ఉన్నావని చెప్పాను. నా పక్కనే నిలబడి ఉన్నావనీ, తమ్ముణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్లినందుకు కోపంగా ఉన్నావనీ, ఆమెతో వెళ్లనంటున్నావనీ చెప్పాను. నిన్ను ఒక్క మాట మాట్లాడమంది. పిల్ల వద్దంటోంది అన్నాను. తర్వాత చప్పుడు లేదు. వెళ్లిపోయిందనుకున్నాను. బోల్టు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాను. కాసేపటికి తలుపు కింద నుంచి ఆ పౌడరు వాసన వచ్చింది. అప్పుడు తెలిసింది, కూర్చుని ముగ్గు వేస్తోందని."

కారిడార్‌లో పక్కింటి ముసలావిడ రేడియో పెట్టుకుంది. చైనీస్ పాట ఏదో సన్నగా వినిపిస్తోంది. ఉదయశ్రీ లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి అయస్కాంతం తీసింది. 'ఈసారి కూడా నువ్వు వద్దంటే.' నాలుగు రోజులుగా తనకి అర్థం కాని మాట. అడిగినవాళ్లెవరు అనుకుంది. అడిగారు. జవాబు కూడా వెళ్లింది. ఆ జవాబు పట్టుకుని ఒక మనిషి జీపెక్కింది, ఆ తర్వాత విమానం ఎక్కింది, పదహారేళ్లు మంచుదేశంలో బతికింది. ఇప్పుడు చాంగీలో అరైవల్స్ ఎదురుగా కూర్చుని, రెండోసారి అదే జవాబు వస్తుందని ఎదురుచూస్తోంది.

ఐదుకి ఇంకా ఏడు నిమిషాలుంది. టాక్సీ వెంటనే దొరికితే అరగంట. పండగ ముందు శనివారం, వెంటనే దొరకదు.

నోటుబుక్కు, ఫ్యాక్స్ సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. గుమ్మం ముందు తన ముగ్గు పొద్దున్న వేసినట్టే ఉంది, నాలుగు మూలలా గీత చుక్కల్ని తొక్కుతూ. దాన్ని దాటలేదు. పక్కనుంచి వచ్చింది. కారిడార్ చివర లిఫ్టు బొత్తాం నొక్కి నిలబడింది.

ఏడు. ఎనిమిది. తొమ్మిది. తలుపులు తెరుచుకున్నాయి. లోపలికి వెళ్లి తిరిగి నిలబడేసరికి, కారిడార్ ఆ చివర గురునాథం కనిపించాడు. ఒక కాలికి బూటు, రెండోది చేతిలో. గోడ పట్టుకుని వీలైనంత తొందరగా వస్తున్నాడు.

"ఉదయా, ఒక్క నిమిషం ఆగు. ఆమెతో నేనే చెప్పాలి."

లిఫ్టులో తలుపులకి రెండు బొత్తాలున్నాయి. ఒకటి తలుపులు తెరిచి ఉంచడానికి, ఒకటి మూయడానికి. ఉదయశ్రీ చెయ్యి ఎత్తింది. తండ్రి అరికాలు నేల మీద చేస్తున్న చప్పుడు దగ్గరవుతోంది.

చాలా మెల్లని చప్పుడు.

ఆమె వేలు తలుపులు మూసే బొత్తాం మీద ఉంది.